నోటికడ్డం పెట్టిన చెయ్యి

చాంతిప్ తలుపు తోసేసరికి నాంఫోన్ స్నానాల గదిలో గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఒక చేతిలో ఇటుక ముక్క, రెండో చేతిలో అరిగిపోయిన బ్రష్షు. తెల్లటి స్కూలు చొక్కా మీద చుక్కలు చుక్కలుగా నెత్తురు!

“అయ్యో నా తల్లీ! ఏం చేసుకున్నావే!”

పిల్ల ఇటుక ముక్క జారవిడిచి, చెయ్యెత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. కొన్నేళ్ళుగా అలవాటైన చెయ్యి అది. నవ్వొచ్చినా, మాటొచ్చినా, ఆవలింతొచ్చినా ముందు ఆ చెయ్యే లేచేది. ఇప్పుడు ఆ వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారుతోంది... ఇటుక పొడితో తోముకుంది! చిగుళ్ళు చీరుకుపోయేదాకా తోముకుంది! చాంతిప్ కూతురి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, చెంబెడు నీళ్ళతో నోరు కడిగింది. నెత్తురు పోయాక చూస్తే ఆ ముందుపళ్ళు ఎప్పట్లాగే ఉన్నాయి. సుద్దముక్కలా వెలిసిన తెలుపు, దాని మీద టీ ఒలికి ఆరిపోయినట్టు గోధుమరంగు చారలు...

“పోలేదమ్మా...” అంది నాంఫోన్. ఏడవడం కూడా అయిపోయిన గొంతు అది. “ఎంత రుద్దినా పోలేదు. కొత్త సంవత్సరం పండక్కి ఇత్తడి గోళ్ళు తొడుక్కుని ఆడే నాట్యంలో నన్ను వెనక వరసకి మార్చేశారు. టీచరు తిట్టలేదమ్మా, మంచిగానే చెప్పింది. ‘నీ చేతులు అందరికంటే బావుంటాయి నాంఫోన్, కానీ ముందు వరసవాళ్ళు నవ్వుతూ ఆడాలి కదా’ అంది. అందరూ విన్నారు...”

పదమూడేళ్ళ పిల్లని చంటిపిల్లలా ఒళ్ళోకి లాక్కుంది చాంతిప్. పొడుగాటి కాళ్ళు గది అవతలిదాకా చాచుకుని ఒళ్ళో పట్టక పట్టక ఒదిగింది ఆ పిల్ల. ఏ తల్లి చూడగలదు ఇలాంటి దృశ్యం! దేవుడా, ఈ మరకలేవో నా ఒంటి మీద పడేసి ఉండకూడదా... అనుకుందామె.

కర్ర మెట్లు కిర్రుమన్నాయి. స్తంభాల మీద కట్టిన ఇంట్లోంచి దిగి వస్తోంది చాంతిప్ తల్లి సీలా. ఆ ఇంటికీ, నిజానికి ఆ ఊరికీ పెద్దామె. మనవరాలి చొక్కా చూసింది. ఆవిడ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మరుక్షణం చూపు మనవరాలి మీంచి కూతురి మీదకి తిరిగింది.

“చూడు! కళ్ళారా చూడు! నీ నాలుక చాపల్యం నా మనవరాలి నోట్లో ఎలా తేలిందో చూడు!”

“అమ్మా, ఇప్పుడు కాదమ్మా... పిల్లకి నెత్తురు కారుతోంది...”

“ఇప్పుడే అంటాను! కడుపుతో ఉన్నావు, మియాంగ్ నమలకే, పులియబెట్టిన తేయాకు రంగు కడుపులో బిడ్డకి దిగుతుందే అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! విన్నావా? వంటింటి వెనక నక్కి, ఉప్పుగల్లు పెట్టుకుని బుగ్గన ఇంతేసి ముద్ద! నాకు తెలీదనుకున్నావా!”

“అత్తయ్యా, ముందు కాస్త దూది...” అంటూ గుమ్మంలోకొచ్చాడు చాంతిప్ భర్త వన్‌చాయ్.

“అల్లుడూ! ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయింది, ఇంకా నేర్చుకోలేదా? మేం మాట్లాడుకుంటున్నప్పుడు నువ్వు తెరవాల్సింది నీ బండి తలుపు, నోరు కాదు.”

వన్‌చాయ్ తన సవారీ బండి వైపు నడిచాడు. ఆ ఊళ్ళో పెళ్ళయ్యాక మగవాడే భార్య ఇంటికొచ్చి ఉంటాడు. అత్తగారి గొంతు ఎప్పుడు ఏ స్థాయిలో ఉంటే తనెక్కడుండాలో అతనికి బాగా తెలుసు. కానీ వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి భార్యని చూశాడు. ఆ చూపులో ఉన్న జాలికే చాంతిప్ కళ్ళు నిండిపోయాయి.

మియాంగ్ నమిలిన మాట నిజం! వేవిళ్ళతో నోరంతా చేదెక్కి, ఏదీ సయించక, ఆ పుల్లటి ఆకుముద్ద ఒక్కటే కాస్త హాయినిచ్చేది. కూతురికి మచ్చల పళ్ళు మొలిచిన ఏడాది చాంతిప్ తన మియాంగ్ జాడీని పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టింది. రెండోసారి కడుపు పండినప్పుడు ఆ వాసన వచ్చిన వీధికి కూడా వెళ్ళలేదు. కూతురు చెయ్యి నోటికడ్డం లేచిన ప్రతిసారీ, నేనే... నేనే... అని ఆమె లోపల ఎవరో గొణుగుతూనే ఉన్నారు. ఇన్నేళ్ళుగా!

* * *

కొండల మీద అడవులు తగలబడే నెల అది. పొగ దిగి దిగి చుట్టూ ఉన్న కొండలన్నీ మాయమైపోయాయి. మధ్యాహ్నపు సూర్యుడు ఉడికించిన గుడ్డు సొనలా మసకమసగ్గా వేలాడుతున్నాడు. లొంగన్ పళ్ళ తోటల్లో ఆకు కదలదు. కుక్కలు కూడా కలల్లోనే మొరుగుతున్నట్టు ఎక్కడో లీలగా ఒక అరుపు... ఆ పొగలో ఊరు ఊరంతా ఎవరో కంటున్న పాత కలలా ఉంది.

చాంతిప్ ఇంటి అరుగు మీద కూర్చుని గుడ్డ ఉయ్యాల ఊపుతోంది. లోపల కొడుకు తోంగ్, ఏడు నెలలవాడు. ఆమెకి పాలు పడక, వాడికి డబ్బా పాలే పడుతోంది. పొయ్యి మీద కెటిల్లో నీళ్ళు మరుగుతున్నాయి. ‘బాగా మరగాలి, సగానికి దిగాలి, అప్పుడే పసివాడికి శుద్ధి’ అని సీలా కట్టడి. వాడు నిద్రలోనే నవ్వాడు. కింది చిగురు మీద కొత్తగా తొంగిచూస్తోంది ఒకే ఒక్క పన్ను. తెల్లగా, బియ్యపు నూకలా...

పొద్దున్నే సీలా ఆ పన్నుని ఊరందరికీ చూపించి వచ్చింది. “చూశారా! ఈసారి మియాంగ్ ముట్టనివ్వలేదు. ఎంత తెల్లటి పన్నో చూశారా!” అని. ఆ మాటలు చాంతిప్ చెవుల్లో ఉయ్యాలతో పాటు ఊగుతున్నాయి. కునుకు పడుతోంది. కునుకులో చిన్నప్పటి నాంఫోన్ కనిపించింది. ఎదర పన్ను ఊడిందని గెంతుతూ వచ్చింది. చాంతిప్ ఆ పన్నుని అరచేతిలో పెట్టుకుని, కొత్త పన్ను బాగా రావాలని దండం పెట్టి, ఇంటి కప్పు మీదకి విసిరింది. పెంకుల మీద అది టకటకా దొర్లింది... తెల్లగా... బియ్యపు నూకలా...

చాంతిప్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది!

తెల్లగా! ఆ పాలపన్ను తెల్లగా ఉంది! తన చేత్తో తనే విసిరింది కదా, మచ్చుకైనా మచ్చ లేదు! మరకలొచ్చింది ఆ తర్వాత మొలిచిన పళ్ళకి! కడుపులో దిగిన రంగే అయితే, కడుపులోంచి వచ్చిన పాలపళ్ళకి కదా ముందు అంటాలి? పుట్టాకే... పుట్టాకే ఏదో జరిగింది! పిల్ల పెరుగుతున్న ఆ ఏళ్ళలో, ఈ ఇంట్లోనే, నా కళ్ళముందే ఎవరో... ఏదో...

పొయ్యి మీద కెటిల్ ఈల వేసింది. ఆమె లేవలేదు. ఉయ్యాల్లో నవ్వుతున్న ఆ ఒక్క తెల్లటి పన్నునే చూస్తూ ఉండిపోయింది. ఇది కూడా ఊడిపోతుంది. దీని వెనక ఏం రాబోతోంది?

సరిగ్గా అప్పుడు కంచెకి అవతల పిల్లలు పగలబడి నవ్వారు.

* * *

కంచెకి అవతల ఉండేది ఖంఫూన్. ఆవిడతో మాటలు లేవు. చాంతిప్ తండ్రి ఇన్‌తా బతికున్న రోజుల్లో తన పెరట్లోకి వాలుతోందని ఆవిడ లొంగన్ చెట్టు కొమ్మ ఒకటి నరికాడు. కాయ మీదున్న కొమ్మ! ఆనాటి నుంచీ రెండిళ్ళ మధ్య పొయ్యి నిప్పు కూడా దాటలేదు.

ఖంఫూన్ మనవలిద్దరూ పుచ్చకాయ ముక్కలు తింటూ, గింజలు ఎవరు దూరం ఊస్తారా అని పందెం వేసుకుంటున్నారు. నోళ్ళు బార్లా తెరిచి నవ్వుతున్నారు. చాంతిప్ కంచె వెదుళ్ళు పట్టుకుని నిలబడిపోయింది. ఆ పళ్ళు! వీళ్ళూ ఈ ఊళ్ళోనే పుట్టారు, ఈ మట్టి మీదే పెరిగారు. పెద్దది నాంఫోన్ ఈడుదే. మరి ఆ నోట్లో మల్లెమొగ్గలు పేర్చినట్టు...

“ఏంటే, దిష్టి పెడుతున్నావా?” ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తున్న ఖంఫూన్ తల ఎత్తకుండానే అంది. “కంచె మీద చెయ్యి తియ్యి. మళ్ళీ వెదురు విరిగితే మీ అమ్మ నామీద పడుతుంది.”

“పిన్నీ... ఒక్క మాట అడగనా?”

“ఇన్నేళ్ళకి పిన్నినయ్యానా! అడుగు. కత్తి ఏదీ తేలేదు కదా? మీ ఇంట్లోవాళ్ళు మా వైపు వస్తే ముందు చేతులు చూసుకోవాలి.”

“నీ మనవల పళ్ళు... ఏం పెట్టి తోముతారు పిన్నీ? ఏం తింటారు?”

ఖంఫూన్ ఈసారి తలెత్తింది. చాంతిప్ ముఖం చూసి ఎగతాళి సగంలో మింగేసింది. “అందరూ పెట్టేదే. అదే పేస్టు, అదే జిగురు బియ్యం, అదే మిరపకాయ పచ్చడి. ప్రత్యేకంగా పెట్టడానికి నాకేమైనా మీలాగా మేడలూ ట్యాంకులూ ఉన్నాయా?”

“మరి నీళ్ళు?”

“మీరు ఊరందరికీ వేయించిన ఆ ట్యాంకు గొట్టం నా గడపలోకి దిగితే నా శవం మీంచే దిగాలని ఒట్టేసుకోలేదూ! ఆ కొమ్మ నరికిన చేతి పేరు మీద నీళ్ళు నేను తాగడమేంటి? అదిగో, నా జాడీలు.” ఇంటి చూరు కింద మనిషెత్తు సిమెంటు జాడీలు బారుగా నిలబడి ఉన్నాయి. “వానాకాలమంతా పట్టుకుంటాను. ఈ పాటికి ఒక్కదాంట్లోనే అడుగున ఉన్నాయి. వాన పడేదాకా పొదుపు. దాహమైనా సరే, మాట మాటే!”

చాంతిప్ కలలో నడుస్తున్నట్టే ఆ మధ్యాహ్నమంతా ఊళ్ళో తిరిగింది. కనిపించిన ప్రతి పిల్లనీ, “ఏదీ, అత్తకి ఓ నవ్వు నవ్వి చూపించు” అని అడిగింది. ట్యాంకు గొట్టం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎంతో కొంత మరక. ఒకరికి సుద్ద చారలు, ఒకరికి పసుపు, ఒకరికి గోధుమరంగు... ఈ మధ్యే వేరే జిల్లా నుంచి వచ్చి చేరిన నూడుల్స్ దుకాణంవాళ్ళ అబ్బాయి పళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అందరికంటే ముదురు మరకలు ఎవరివి? తన కూతురివే!

ఎందుకో ఆమెకి తెలుసు.

* * *

మండల ఆరోగ్య కేంద్రంలో పళ్ళు చూసే నర్సు, చాంతిప్ తెచ్చిన రెండు సీసాలనూ బల్ల మీద పెట్టింది. ఒకటి ఖంఫూన్ జాడీలోది. రెండోది ట్యాంకుది. రెండు గాజు గొట్టాల్లో కాసిని నీళ్ళు పోసి, ఎర్రటి మందు చుక్కలు వేసింది. వాన నీళ్ళు గులాబీ రంగులోనే నిలిచాయి. ట్యాంకు నీళ్ళు చూస్తుండగానే రంగు మారి, పండుటాకులా పసుపెక్కిపోయాయి...

“ఫ్లోరైడ్ అక్కా. హద్దు ఎప్పుడో దాటిపోయింది,” అంది నర్సు నెమ్మదిగా. “అదేం పాపిష్టి వస్తువు కాదు. కొంచెం ఉంటే పంటికి కాపలా కాస్తుంది, పుచ్చకుండా. మన పేస్టులో ఉండేదీ అదే. కానీ మనది వేడినీటి బుగ్గల నేల కదా, లోతు బోరులో ఇది మరీ ఎక్కువ. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో ఈ నీళ్ళు తాగితే, మరక పంటిలోనే పడిపోతుంది. పైపైన తోమితే పోయేది కాదు.”

“మరిగిస్తే...? మేం బాగా మరిగించి, సగానికి దించి...”

నర్సు ముఖం మారింది. “అయ్యో... నీళ్ళు ఆవిరైపోతాయక్కా. అది అక్కడే ఉండి ఇంకా చిక్కబడుతుంది.”

“నాకూ మా అమ్మకీ ఏమీ కాలేదే? మేమూ తాగుతున్నాం!”

“మీ పళ్ళు ఆ బోరు రాకముందే తయారైపోయాయి కదా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. పాప పళ్ళకి పట్నంలో పైపూత వేస్తారు, చాలావరకు కప్పెయ్యొచ్చు. కానీ ఇంట్లో చంటివాడు ఉన్నాడన్నావు... వాడి పెద్ద పళ్ళు ఇప్పుడే లోపల తయారవుతుంటాయి. ఈ రోజు నుంచీ వాడి పాలల్లో ఆ నీళ్ళు పడకూడదు. నేను మీ ఊరి పెద్దకి ముందే చెప్పి చూశాను. ఆయనేమన్నాడో తెలుసా? ‘అది దానంగా వచ్చిన నీళ్ళు. దాత నోటితో వద్దనకుండా మేమెలా ఆపుతాం? చనిపోయినవాడి పుణ్యానికి అడ్డుపడమంటారా?’ అన్నాడు.”

దాత! ఆ ట్యాంకు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్న పేరు ఇన్‌తా. వేయించింది సీలా!

ఆ పేరు చూడకుండా ఇంటికి చేరే దారి లేదు. నాలుగు స్తంభాల మీద, పొగలో తేలుతున్నట్టు నిలబడి ఉందది. నాంఫోన్ కడుపులో ఉన్నప్పుడు ఒక మండుటెండ రోజు తోటలోంచి వచ్చిన ఇన్‌తా “దాహం, సీలా” అని కూలబడ్డాడు. ఆవిడ చెంబు తెచ్చేలోపే అయిపోయింది! ఆ తర్వాత కలల్లోకి వచ్చేవాడట. మెట్ల కింద నిలబడి, ఎండిన పెదాలతో, మాట లేకుండా... సీలా ఒంటి మీది బంగారమంతా తీసేసి, ఆ చుట్టుపక్కల ఎవరూ దిగనంత లోతుకి బోరు దింపించి, ఊరందరికీ గొట్టాలు వేయించింది. సన్యాసులు మంత్రాలు చదివారు. ఊరు తాగే ప్రతి గుక్కా ఆయనకి చేరుతుంది! అందుకే రోజూ పొద్దున్నే, మొద్దునిద్రలో ఉన్న మనవరాలిని లేపి, నిండు చెంబు నోటికందించేది. “తాగవే బంగారం, తాతకి దాహంగా ఉంది... అడుగుదాకా తాగు.” పసిది రెండు చేతులా చెంబు పట్టుకుని గటగటా తాగేది. అడుగుదాకా!

* * *

చాంతిప్ ఇంటి మెట్లెక్కింది. సీలా తోంగ్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పక్కన ట్యాంకు నీళ్ళ గిన్నె పెట్టుకుని, చెంచా వాడి నోటికి తీసుకెళుతోంది.

“మా బుజ్జి తండ్రి... ఇక నువ్వు కూడా తాతకి నీళ్ళు పట్టాలిరా...”

“వద్దమ్మా!”

చాంతిప్ చెయ్యి విసురుగా తగిలి చెంచా ఎగిరిపడింది. గిన్నె దొర్లి నీళ్ళు చెక్కల సందుల్లోంచి కిందికి కారిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక తల్లి చేతిని తోసెయ్యడం అదే మొదటిసారి!

“ఏమైందే నీకు? పిచ్చెక్కిందా?”

చాంతిప్ ఏడుస్తూనే అంతా చెప్పింది. కప్పు మీద దొర్లిన పాలపన్ను, ఖంఫూన్ మనవల నవ్వు, పసుపెక్కిన గాజు గొట్టం... సీలా వింటూ వింటూ రాయిలా బిగుసుకుపోయింది.

“అంటే...” ఆవిడ గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. “నీ తండ్రి నోటి దగ్గర నీళ్ళు లాగేద్దామనా? ఆ ఖంఫూన్ నూరిపోసిందా? పై లోకంలో ఆయన గొంతెండి నిలబడితే నీకు బావుంటుందా?”

“ఆయన నాకు మాత్రం నాన్న కాదా అమ్మా? నా కొడుకు పళ్ళు ఇంకా రాలేదు. వాడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని బతకాలా? నన్ను ఇంకో పదేళ్ళు తిట్టు, మియాంగ్ వల్లేనని తిట్టు, పడతాను! కానీ వాడి పాలల్లో ఈ నీళ్ళు పొయ్యను... పొయ్యలేను!”

సీలా మనవడిని దింపి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత కూతురితో మాట్లాడలేదు. అన్నం మాత్రం వండింది, విసనకర్రతో విసురుకుంది, తన కుండలోని ట్యాంకు నీళ్ళే అందరూ చూసేలా ఎత్తి తాగింది. వన్‌చాయ్ మాత్రం బండిలో పట్నం నుంచి చంటివాడికి సీసా నీళ్ళు మోసుకొచ్చి, అత్తగారి కంటపడకుండా మంచం కింద దాచాడు.

కొత్త సంవత్సరం పండక్కి ముందురోజు మధ్యాహ్నం. పొగ కాస్త పలచబడి, ఒక కొండ శిఖరం మాత్రం ఆకాశంలో విడిగా తేలుతోంది. చాప మీద కునుకు తీస్తున్న సీలా ఒక్కసారిగా లేచి కూర్చుంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు మెట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. మెల్లగా లేచి, వాకిట్లో బాటసారుల కోసం పెట్టే మట్టికుండలోని నీళ్ళన్నీ మందారం మొదట్లో పారబోసింది. ఖాళీ కుండ చంకన పెట్టుకుని... ఎటు? కంచె వైపు! తోంగ్‌ని ఎత్తుకుని చాంతిప్ వెనకాలే నడిచింది.

“ఖంఫూన్...”

మిరపకాయల చేట చేతిలోంచి జారిపోయింది అవతలావిడకి. “అక్కా?”

“ఒక్క కుండ వాన నీళ్ళు ఇస్తావా?”

“మీకెందుకమ్మా! ట్యాంకులకి ట్యాంకులున్నవాళ్ళు...”

“నాక్కాదు.” సీలా తల వంచుకుంది. “ఆయనకి.”

చాంతిప్ అనుకుంది, ఇప్పుడంటుంది, ఆ కొమ్మ సంగతి ఇప్పుడంటుంది అని! అననే అంది.

“కాయ మీదున్న కొమ్మ నరికిన మనిషికా? వాన పడేదాకా నేనూ నా మనవలూ నాలుక తడుపుకుంటూ దాచుకున్నవా?” ఆవిడ ముక్కు ఎగబీల్చింది. కుండ లాక్కుని జాడీ వైపు నడుస్తూ, “పెద్ద కుండ తేకూడదూ! ఆ మనిషి ఎప్పుడైనా ఒక్క గుక్కతో ఆపాడా?” అంది.

* * *

కొత్త సంవత్సరం. పిన్నలంతా పెద్దల చేతుల మీద పరిమళపు నీళ్ళు పోసి, ఏడాదిలో చేసిన తప్పులు మన్నించమని వేడుకునే రోజు. ఇంటి కింద చాప మీద, తెల్లటి పై గుడ్డ వేసుకుని కూర్చుంది సీలా. ఊరి పెద్ద వచ్చాడు, నర్సు వచ్చింది, ట్యాంకు గొట్టాలున్న ఇళ్ళవాళ్ళంతా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆఖరికి కంచె చుట్టూ తిరిగి ఖంఫూన్ కూడా వచ్చి ఓ మూల నిలబడింది. శీకాయ, కుసుమపూలు నానిన నీళ్ళ వాసన గాలిలో తీయతీయగా తేలుతోంది. అంతా కలలా ఉంది. ఈ కల ఎటు తిరుగుతుందో తెలియక చాంతిప్ కొడుకుని గుండెకి హత్తుకుంది.

ముందు మనవరాలి వంతు. నాంఫోన్ వెండి గిన్నె పట్టుకుని మోకాళ్ళ మీద వచ్చింది. నిండు గిన్నె... రెండు చేతులూ కావాలి. నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి మిగల్లేదు! పెదాలు బిగించి, తల వంచి, “అమ్మమ్మా, తెలిసో తెలియకో ఏదైనా తప్పు చేసుంటే...” అంటుంటే పెదాలు విడిపోయాయి. ఊరంతా ఆ పళ్ళు చూసింది.

దీవించడానికి చాచాల్సిన చేతులతో సీలా ఆ గిన్నె అందుకుంది. మనవరాలి అరచేతులు తిప్పి, వాటి మీద ఆ నీళ్ళు తనే పోసింది!

గుంపంతా గుసగుసలాడింది. “పెద్దమ్మా, ఇదేమిటి! పెద్దవాళ్ళు పిల్లలకి పొయ్యడం ఎక్కడైనా ఉందా?” అన్నాడు ఊరి పెద్ద కంగారుగా.

“మన్నించమని అడిగేవాళ్ళే కదరా పొయ్యాలి,” అంది సీలా. ఆవిడ కళ్ళు పిల్ల ముఖం మీదే ఉన్నాయి. “మొదటి వానలో పుట్టావని వాన పేరు పెట్టుకున్నానే నీకు. ఆ పేరు పెట్టి, వాన నీళ్ళు పట్టే జాడీలన్నీ బోర్లించేశాను... నిన్న మధ్యాహ్నం మీ తాత వచ్చాడే. ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడ్డాడు. చెంబు ఇచ్చాను. తీసుకోలేదు. బతిమాలాను. అప్పుడు చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు... నువ్వు పెట్టుకుంటావే, అచ్చం అలాగే! పదమూడేళ్ళుగా ఆ నీళ్ళు ఆయన తాగలేదు. నా మనవరాలి చేతే తాగించాను, అడుగుదాకా...”

“అమ్మమ్మా, ఏడవకు...” నాంఫోన్ తడి చేతులతో ఆవిడ చెంపలు తుడిచింది. తనకి తెలియకుండానే నవ్వబోయింది. ఏ చెయ్యీ అడ్డం రాలేదు.

సీలా తల తిప్పి కూతురి కోసం వెతికింది. “చాంతిప్! ఇలా రావే. దగ్గరికి రా. పెరట్లో పాతిపెట్టిన ఆ జాడీ తవ్వి తెచ్చుకో తల్లీ. నీ మియాంగ్‌ది ఏ పాపమూ లేదు. నీది అసలే లేదు.” చాంతిప్ తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పిడికెడు మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసింది!

“మరి...” దాత నోటితోనే ఆ మాట వినాలని ఊరి పెద్ద ముందుకు వంగాడు. “మరి మన పిల్లల పళ్ళు ఇలా చేసిందెవరు పెద్దమ్మా?”

సీలా ఒక చేత్తో కూతురిని, ఇంకో చేత్తో మనవరాలిని పొదివి పట్టుకుంది. పలచబడిన పొగలోంచి స్పష్టంగా కనిపిస్తున్న ఆ ట్యాంకునీ, దాని మీద తన భర్త పేరునీ చూస్తూ, ఊరంతటికీ వినిపించేలా చెప్పింది:

“నీళ్ళు! ఇన్‌తా పేరు మీద నేను వేయించిన బోరు నీళ్ళు!”